పోల్చి చూసే ఆకు

గోరువెచ్చని స్పిరిట్‌లో పాలకూర ఆకు తేలుతోంది.

పచ్చదనం కొంచెం కొంచెంగా దిగిపోతోంది...

చివరికి మిగిలేది తెల్లబోయిన ఆకు. ఆ తెలుపులో గోధుమరంగు మచ్చలు లేస్తే లోపల మంట ఉన్నట్టు. ల్యాబ్‌లో ఆమె పని అదే — ఆకుకు రంగు పట్టించడం, పచ్చదనం దించడం, లోపలి మంటను కంటికి చూపించడం.

ఫ్యాక్టరీ వెనక పొలాల ఆకులు ఒక గిన్నెలో ఉన్నాయి. వాటితో పోల్చి చూడటానికి మంచి ఆకు ఒకటి కావాలి. ఏ కల్మషమూ ఎరగని ఆకు.

"మా పెరట్లో ఉంది మేడమ్," అంది మొన్న, ల్యాబ్ పెద్దావిడతో. "మా అమ్మ పెంచింది. అంతకంటే మంచిది మీకెక్కడా దొరకదు."

కాకిపిల్ల కాకికి ముద్దు మరి!

ఇప్పుడు ఆ మంచి ఆకు మీదే మచ్చలు లేస్తున్నాయి.

ఒకటి. ఇంకొకటి. ఆకు ఈనెల వెంబడి... అంతటా.

ఫ్యాక్టరీ ఆకు కంటే చిక్కగా!

రంగు తప్పు కలిపానేమో అనుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ అవే మచ్చలు.

అప్పుడు గుర్తొచ్చాడు నాన్న.

నాన్న బ్యాటరీల మెకానిక్. పాతవాటిని ఆ పెరట్లోనే పగలగొట్టేవాడు, సీసం కరిగించేవాడు. ఆ సీసమే ఆమెను చదివించింది. మిగిలిన యాసిడ్ నీళ్లు, బూడిద, అన్నీ ఆ మట్టిలోకే పోయాయి. తర్వాత అమ్మ ఆ చోటు చదును చేసి పాలకూర చల్లింది.

ఆమెకు భయం వేసింది. భయంతో పాటే, చెప్పొద్దూ, ఆశ్చర్యమూ వేసింది.

ఎంత పచ్చగా ఉంటుందో ఆ మడి!

వేరు నీళ్లతో పాటే సీసాన్నీ తాగేస్తుంది. సీసం ఆకులోకి ఎక్కుతుంది, ఎండను అన్నంగా వండుకునే చోట చిచ్చు పెడుతుంది. అక్కడ ఆక్సిజన్ అదుపు తప్పుతుంది. ప్రాణం నిలిపే ఆక్సిజనే — కణాల పొరల్ని కాల్చుకు తింటుంది. కంచే చేను మేసినట్టు.

అయినా ఆకు ఊరుకోదు. పారిపోవడానికి కాళ్లు లేవు. అరవడానికి నోరు లేదు. ఉన్నచోటే నిలబడి, మంటను ఆర్పే మందును తనలోంచే తీస్తుంది. సీసాన్ని పట్టి, మూటగట్టి, కణంలో ఓ మూల గదిలో పడేసి తలుపేస్తుంది. మళ్లీ వస్తుంది సీసం. మళ్లీ కడుతుంది మూట. పగలూ రాత్రీ... పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు ఊగుతుంది.

ఔరా, ఇంత లేత ఆకులో ఇంత యుద్ధమా!

కానీ దాచిందే తప్ప బయటికి నెట్టలేదు. ఆ మూటలన్నీ ఆకులోనే ఉన్నాయి.

ఆ ఆకు వదిన కంచంలోకి వెళ్తోంది. కడుపుతో ఉన్న వదిన. రక్తం పడుతుందని అమ్మ రోజూ వండి పెడుతోంది.

ఆమె ఇంటికి పరుగెత్తింది.

వదిన అప్పుడే అన్నం కలుపుకుంటోంది. ఆమె కంచం లాగేసింది.

"ఏంటే ఈ పని? కడుపుతో ఉన్న పిల్ల ముందు నుంచి కంచం లాగుతావా?" అమ్మ గయ్యిమంది.

గుమ్మంలో నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పింది... బ్యాటరీలు, మట్టి, మచ్చలు. ఆకు పడే పాట్లన్నీ చెప్పింది.

నాన్న తన అరచేతులు చూసుకున్నాడు.

వదిన పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ఆకైతే తట్టుకుంది," అంది మెల్లగా. "దానికి దాచుకోవడం తెలుసు. మరి లోపలున్న బిడ్డకు తెలుసా?"

"రేపు పొద్దున్నే రక్త పరీక్ష చేయిద్దాం వదినా," అంది ఆమె.

పెరట్లో గాలి వీచింది. మడంతా ఒక్కసారి ఊగింది... నిగనిగలాడుతూ, పచ్చగా.