నలభయ్యో మీటరు

ఉచ్చీరమ్మ భయం ఒకటే. తన చేత్తో పూసిన కందెన వల్ల, తాను ముఖం కూడా ఎరగని ఒక బాలింత, ఆమె పక్కలో బిడ్డ, గ్యాసు నిండిన ఇంట్లో నిద్రలోనే పోతారని.

ఆ భయం పట్టుకుని ఇప్పటికి ఆరు దినాలు. ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టి మాదిరి ఉంది. తొమ్మిది నెలల కూతురు అశ్విని రొమ్ము పట్టి లాగి లాగి, పాలు రాక ఏడుస్తాంది.

ఆదోనిలో పత్తి మిల్లుల వెనక ఒక రేకుల షెడ్డులో ఆమెకు పని. పైపులో వచ్చే గ్యాసు ఎంత వాడినారో చూసేదానికి ఇంటింటికీ మీటరు పెడతారు కదా, ఆ మీటరు లోపలి సామాను చేసే షెడ్డు అది. పైకి చూస్తే మీటరంటే ఒక డబ్బా, దాని మీద తిరిగే అంకెలు. లోపల మాత్రం రెండు తిత్తులుంటాయి, కొలిమి తిత్తుల మాదిరివే. గ్యాసు వస్తే ఒకటి ఉబ్బుతుంది, ఇంకొకటి అణుగుతుంది. ఆ ఊపిరిని పైన అంకెల దాకా మోసేవి వేలెడంత సన్నటి చేతులు. షెడ్డులో వాటిని లింకులంటారు. లింకుకు ఆ కొనకొక బెజ్జం, ఈ కొనకొక బెజ్జం, బెజ్జంలో పిన్ను. దినమంతా ఆడి ఆడి, గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం గుడ్డు మాదిరి కోలగా అరిగిపోతుంది. బెజ్జం అరిగితే లింకు వదులు, లింకు వదులైతే అంకె తప్పు.

మీటర్లు కొనేవాళ్లు ఒకే మాట చెప్పినారు. లింకులు మన్నాల, మన్నకపోతే ఇంక మీ సరుకు వద్దు. షెడ్డు మేస్త్రీ గోవిందన్న ఇత్తడి పిన్ను వేసి చూసినాడు, ఉక్కు పిన్ను వేసి చూసినాడు, బయటినుంచి తెప్పించిన గ్రీజు పూసి చూసినాడు. పరీక్ష బల్ల మీద మోటారు పెట్టి రేయింబగళ్లు ఆడిస్తే, ఆరు లక్షల ఆటలకు బెజ్జం పోతాండె.

ఉచ్చీరమ్మది హాలహర్వి. ఎనిమిదో తరగతి నడుమలో బడి మానిపించినారు. తండ్రి హుసేనప్పకు ఎద్దుల బండి ఉండె. బండి కింద వేలాడే కందెన గొట్టం పట్టుకుని నిలబడేది చిన్నప్పుడు ఆమె పని. ఒకనాడు గోవిందన్న ముందరికి పోయి, కొంగు చాటునుంచి సీసా తీసింది.

"అన్నా, తిట్టనంటే ఒకటి చూపిస్తా."

"తిట్టనులే. ఏందది? బిడ్డ గ్రైపువాటరు సీసా మాదిరి ఉంది?"

"సీసా దాందే. లోపల ఆముదం, దీపం మసి. మా నాయన బండి ఇరుసుకు పూసే కందెనే, గుడ్డలో వడగట్టినా."

గోవిందన్న నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నాడు. "సరిపోయింది! ఇంక మీటరుకు ఎద్దుల్ని కట్టేదొక్కటే తక్కువ."

అయినా నాలుగు లింకులకు పూయనిచ్చినాడు. ఆరు లక్షలు దాటింది, పది దాటింది. ఇరవై లక్షల కాడ ఊడదీసి చూస్తే బెజ్జం ఇంకా గుండ్రంగానే ఉంది. గోవిందన్న నవ్వలేదు. లింకును వెలుతురుకు పట్టి చాలాసేపు చూసి, "నువ్వు బడి మానకుండా ఉంటే మా కొలువులు పోయేవే తల్లీ" అన్నాడు. పెండ్లయినాక ఉచ్చీరమ్మను ఎవరైనా మెచ్చుకున్నారంటే అదే మొదటిసారి. ఇంటికి పోయి ఆ మాట మొగునికి మూడుసార్లు చెప్పింది.

ఆ కందెన పూసిన లింకులతో నలభై మీటర్లు కట్టి, నిజం ఇండ్లల్లో ఎట్లా ఆడతాయో చూద్దామని చలికాలంలో పక్క ఊరు ఎమ్మిగనూరుకు పంపినారు. నాలుగు నెలలు గడిచినా ఒక్క ఇంటినుంచీ ఫిర్యాదు లేదు.

ఈలోగా పరీక్ష బల్ల మోటారు కాలి వైండింగుకు పోయింది. మూడు వారాలకు తిరిగొచ్చింది. అన్ని దినాలూ కందెన పూసిన లింకులు బల్ల మీద అట్లే నిలిచినాయి. పోయిన మంగళవారం పొద్దున స్విచ్చు వేసింది ఉచ్చీరమ్మే. మోటారు గాలి ఊదుతాంది, లింకులు మాత్రం కదల్లేదు. అవతలి గొట్టం కాడ చెయ్యి పెట్టి చూసింది, గాలి లేదు. ఏమైందబ్బా అని వంగి చూస్తాండంగనే టక్కుమనింది. లింకులు ఒక్కసారి విదిలించుకుని లేచినాయి, గాలి బుస్సుమని ముఖాన కొట్టింది.

మొదట నవ్వొచ్చింది ఆమెకు. నవ్వు సగంలో ఉండంగనే స్విచ్చు ఆపేసింది. ఇది గాలి. ఇండ్లల్లో గ్యాసు. లింకు పట్టేసి ఉంటే, గొట్టంలో మిగిలిన గ్యాసుకు పొయ్యి వెలిగి అంతలోనే మంట ఆరుతుంది. గ్యాసు రాలేదేమోలే అని ఇల్లాలు తిప్పిన పొయ్యి గుండీ అట్లే మరిచి పోతుంది. కాసేపటికి టక్కుమంటాది. అప్పుడు మంట ఉండదు, గ్యాసు మాత్రం వస్తానే ఉంటుంది.

వెంటనే హాలహర్వికి ఫోను చేసింది.

"నాయనా, కందెన ఎప్పుడన్నా పట్టేస్తాదా?"

"ఎందుకు పట్టేస్తాదే? దినామూ తిరిగే బండికి ఏం గాదు" అన్నాడు హుసేనప్ప.

"తిరక్కపోతే?"

"నిలిచిన బండికి అది కందెన కాదు, జిగురు. సుగ్గి కోతలకు ఊరు విడిచి పోయి రెండు నెలలకు వస్తే, చక్రం ఊడదీసి, పాతది గోకేసి, కొత్తది పూసినాకనే ఎద్దుల్ని కడతాంటిమి. నీకు తెల్దా?"

"నువ్వు చెప్పలే నాయనా."

"గొట్టం పట్టుకునే పిల్లకు ఇవన్నీ ఎందుకని చెప్పకపోతినేమో. ఏమైందే?"

ఆమె ఫోను పెట్టేసింది. పరీక్ష బల్ల మీద మోటారు రేయింబగళ్లు ఆడిస్తాండె. ఆగకుండా ఆడే దానికి ఎంత మన్నిక ఉంటే ఏం లాభం? నిలిచి మళ్లీ కదిలేటప్పుడు ఏమవుతుందో షెడ్డులో ఒక్కరూ చూడలేదు. అది చూడాల్సింది తానే. బండి ఇంట్లో పుట్టింది తానొక్కతే.

గోవిందన్న విని మెల్లగా స్టూలు మీద కూలబడినాడు. "నలభై ఇండ్లల్లో నాలుగు నెలలు బాగా ఆడినాయి కదమ్మా."

"దినామూ వండుకునే ఇండ్లన్నా అవి. తాళం వేసిన ఇల్లుంటే?"

"కంపు కొడతాది కదా. గ్యాసులో కంపు కలిపేదే అందుకు. లేసి కిటికీ తీస్తారు."

"బాలింతరాలి నిద్ర నీకు తెల్దన్నా. నా బిడ్డ మంచం మీదినుంచి కిందపడి గుక్కపట్టి ఏడిస్తే, పక్కింటామె వచ్చి లేపితే లేసినదాన్ని నేను."

గోవిందన్న తప్పు దాచాలని చూడలేదు, అది ఆయన మంచితనం. ఎమ్మిగనూరులో మీటర్లు బిగించిన ఫిట్టరు సామ్సన్‌ను వెంట తీసుకుని రెండు దినాల్లో ముప్పై తొమ్మిది మార్పించినాడు. నలభయ్యోది జాబితాలో హనుమంతమ్మ అనే పెద్దామె ఇంట్లో ఉండాల. శుక్రవారం ఆ ఇంటికి వాళ్లతో ఉచ్చీరమ్మ కూడా పోయింది.

"నా ఇంట్లో యాడుందప్పా?" అనింది హనుమంతమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఈశాన్యం మూల దేవుడుండే తావు. ఆడ అగ్గిడబ్బా పెడతానంటే ఆ పొద్దే తరిమినా ఈ పిల్లోన్ని."

సామ్సన్ తల గోక్కున్నాడు. "అవును. వాపసు తీసుకపోయి వేరే యాడనో పెట్టినా."

"యాడన్నా?" అనింది ఉచ్చీరమ్మ.

"అదే గుర్తు రాలేదు చెల్లీ. ఆ దినం పదహైదిండ్లు తిరిగినా."

"రాసుకోలే?"

"రెండు చేతుల్లో రెండు స్పానర్లుంటే పెన్ను యాడ పట్టుకునేది? సాయంత్రం రాద్దామనుకున్నా, మరిచినా." గుమ్మంలోనే కండ్లు మూసుకుని నిలబడినాడు. "కడుపుతో ఉన్న ఆమె. ఎనిమిది నెలలు నిండినాయి. నాకు ఉగ్గాని పెట్టింది, మిరపకాయ బజ్జీతో. ఉగ్గాని మీద పుట్నాలపొడి చల్లి..."

"థూ! పుట్నాలపొడి గుర్తుంది, ఇల్లు గుర్తు లేదంట!" అనింది హనుమంతమ్మ.

"మీటరు వంటింటి లోపలి గోడకు పెట్టినా. అది మాత్రం గుర్తుంది. ఆమె మాటలో కన్నడం కలుస్తాండె, హొళగుంద దిక్కు పుట్టిల్లంట. మొగుడు బెంగళూరులో సెంట్రింగు పనికి పోయినాడంట. 'రేపు కాన్పుకు పోతాండా అన్నా, మూడో నెల్లో బిడ్డనెత్తుకుని వస్తా, వచ్చిన దినమే పాలు పొంగియ్యాల' అనింది."

ఉచ్చీరమ్మ వేళ్లు మడిచి లెక్క పెట్టింది. కాన్పయి మూడో నెల నడుస్తాంది. ఈ వారం వస్తుంది, లేకపోతే వచ్చే వారం. తాళం తీస్తుంది, ఇల్లు ఊడుస్తుంది, గిన్నెలో పాలు పోసి పొయ్యి వెలిగిస్తుంది. నాలుగు నెలలు నిలిచిన బండి.

శనివారం పొద్దునే ఆమె గ్యాసు ఆఫీసులో ఉంది. బల్ల వెనక పిల్లోడు కంప్యూటరు చూసి చెప్పినాడు.

"ఈ నంబరు మీటరు హనుమంతమ్మగారింట్లో ఉంది."

"ఆమింట్లో లేదు సార్. మేం చూసొచ్చినాం."

"కంప్యూటర్లో ఉందమ్మా."

"వంటిల్లు కంప్యూటర్లో ఉండదు కదా సార్! ఊరికంతా గ్యాసు ఆపేయండి. మీ కాళ్లు మొక్కుతా."

"ఒక మీటరు కోసం ఊరు ఆపాలంటే పైనుంచి ఉత్తరువు రావాల. సోమవారం పెద్దసారు వస్తారు, రా."

"సోమవారం దాకా ఆమె రాకుండా ఉంటాదా?"

ఆ పిల్లోడు ఉచ్చీరమ్మ పేరు ఒక కాగితం మీద రాసుకున్నాడు.

ఇంక చేసేదేముంది? బిడ్డను చంకనేసుకుని వీధులు పట్టింది. వీధికి ఒక పక్క తాను, ఇంకొక పక్క సామ్సన్. మగ్గాల చప్పుడులో తన మాట తనకే వినబడక గొంతు చించుకుని అడిగింది. మీ వీధిలో కాన్పుకు పోయినోళ్లున్నారా? బెంగళూరులో సెంట్రింగు పని చేసే మొగుడున్న ఆమె ఉందా? పైపు గ్యాసున్న ఇంట్లో తాళం వేసుంటే కిటికీ సందులోనుంచి వంటింటి గోడ వెతికింది.

నాలుగో వీధిలో ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకునింది. "యా ఊరే నీది? పొద్దున్నుంచి చూస్తాండా, బాలింతల కొంపలే అడుగుతాండావు, కిటికీల్లో తొంగి చూస్తాండావు. పిల్లల్నెత్తుకపోయేదానివా?"

"కాదవ్వా, గ్యాసు మీటరు..."

"చంకలో పిల్ల ఎవర్ది? నీదేనా? అట్లా ఏడుస్తాందేం, తల్లి కాడ ఉన్న పిల్ల?"

జనం మూగినారు. ఎవరో ఫోను పైకెత్తి వీడియో తీస్తాండారు. ఒకడు అశ్విని మీద చెయ్యి వేయబోతే ఉచ్చీరమ్మ బిడ్డను రొమ్ముకు అదుముకుని అరిచిన అరుపుకు సామ్సన్ పరుగెత్తుకొచ్చినాడు. మెడలో ఐడి కార్డు అందరికీ తిప్పి తిప్పి చూపించి ఆమెను బయటికి లాక్కొచ్చేసరికి వాని చొక్కా గుండీలు రెండు తెగిపోయినాయి.

ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంటి ముందర ఆరేసిన చంటిబిడ్డ గుడ్డలు కనబడినాయి. తలుపు మూసి ఉంది. తట్టింది. పలకలేదు. రెండు చేతుల్తో బాదింది. లోపల అలికిడి లేదు. సామ్సన్ భుజంతో గుద్దబోతాంటే గడియ తీసిన చప్పుడైంది. జుట్టు రేగిన ఒక పడుచు, ఒళ్లో బిడ్డ, కండ్లు నిండా నిద్ర.

"ఎవరక్కా? ఇప్పుడే కన్ను మలిగింది, వినబడలేదు."

సామ్సన్ తల అడ్డంగా ఊపినాడు. ఆమె కాదు. మీటరు కూడా పాతదే.

ఉచ్చీరమ్మ గడప మీద చతికిలబడి ఏడ్చింది. ఆ పడుచు తన బిడ్డను చాప మీద పండబెట్టి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన అశ్వినిని ఎత్తుకుని గోడ దిక్కు తిరిగి పాలిచ్చింది. "నాకు ఎక్కువే వస్తాండాయిలే" అనింది. అన్నం పెట్టబోతే ఉచ్చీరమ్మ వద్దని లేచింది. పోతాపోతా గుమ్మం కాడ చెప్పింది.

"పొయ్యి ఎప్పుడన్నా ఆరిపోతే గుండీ కట్టెయ్ చెల్లీ. కట్టినానా లేదా అని రెండుసార్లు చూసుకో."

సాయంత్రం బస్టాండు చేరింది. ఇంకా ఏడు వీధులున్నాయి. హొళగుంద దిక్కునుంచి వచ్చే బస్సులు ఇక్కడే ఆగుతాయి, ఆమె వస్తే ఇక్కడే దిగాల. బస్సు ఆగిన ప్రతిసారీ బిడ్డనెత్తుకుని దిగే ప్రతి ఆడమనిషికీ అడ్డం పడి అడిగింది. "అమ్మా, మీ ఇంట్లో పైపు గ్యాసుందా? మీ మొగుడు బెంగళూరులో ఉంటాడా?" కొందరు నవ్వినారు, కొందరు సంచి గట్టిగా పట్టుకుని పక్కకు తప్పుకున్నారు. ఆరుగంటల బస్సు నిండుగా వచ్చింది. రెండు తలుపుల్లోనూ జనం ఒకేసారి దిగినారు. ముందు తలుపు కాడ తానుంది. వెనక తలుపులో ఎర్రటి గుడ్డలో చుట్టిన బిడ్డ ఒకటి కనబడింది, కనబడి మాయమైంది. జనాన్ని తోసుకుని పోయేసరికి ఆటోలు నాలుగు నాలుగు దిక్కులా కదిలినాయి. ఏ ఆటో వెంట పరుగెత్తాల?

ఒకదాని వెంట పరుగెత్తింది. అందులో ముసలాయన ఒక్కడే ఉన్నాడు.

ఆమె ఇంకా వెతుకుతానే ఉంది. సామ్సన్ ఒక వీధి, తానొక వీధి. రెండు చేతులతో ఎన్ని తలుపులు తట్టగలదు?

అందుకే చదివే మిమ్మల్నే అడిగేది. మీది ఎమ్మిగనూరైతే, లేదా అక్కడ మీకు అక్కో చెల్లెలో, తెలిసినోళ్లో ఉంటే, ఇది పక్కన పెట్టి లేయండి. పుట్టింటినుంచి చంటిబిడ్డతో ఈ వారంలో వచ్చినామె మీ వీధిలో ఉందేమో కనుక్కోండి. మొగుడు దగ్గర లేడు, మాటలో కొంచెం కన్నడం కలుస్తుంది. పేరు మాకు తెలియదు. పోయి తలుపు తట్టండి. పలక్కపోతే నిద్రపోతాందిలే అని తిరిగి రావద్దు, ఆమె లేసి వచ్చేదాకా తట్టండి.