ఏటవాలు పట్టీలు

బాలకిషన్ పంపిన ఫొటోను కళ్లజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చూశాను. "ఉస్తాద్, కిటికీలు ఎట్ల కోసిన చూడు. పదకొండింటికి క్రేనుతోని లేపుతరు" అని కింద రాశాడు. ఎనిమిది కిటికీలు, ఒక్కొక్కటి ఏనుగు తల పెట్టి తొంగిచూసేంత. వాటి అంచుల్లో తెగిన ఇనుప పట్టీల మొనలు.

ఫోను చేస్తే ఎత్తడు. గ్రైండరు పట్టుకుంటే వాడికి పక్కన పిడుగు పడ్డా వినపడదు. చిక్కడపల్లిలో ఆటో ఎక్కాను, అది ట్రాఫిక్‌లో నిలబడితే దిగి అశోక్‌నగర్ దాకా పరుగెత్తాను. పరుగని నేనంటాను గాని, డెబ్బై ఆరేళ్ల మోకాళ్లు ఒప్పుకోవు.

సంగతేమిటంటే, ఉమాకాంత్ అనే అతను నాలుగేళ్లు ఇక్కడే కోచింగులు తిరిగి, ఉద్యోగం రాక, ఆ చదివేవాళ్లకే టిఫిన్లు పెడదామని తుక్కు వేలంలో పాత డీజిల్ రైలింజను ఒళ్లు కొన్నాడు. యంత్రాలన్నీ తీసేసిన ఉత్త డొల్ల. దాన్ని ఈ కొస ఒకటి, ఆ కొస ఒకటి స్తంభాల మీద కూర్చోబెడితే పైన హోటలు, కింద బండ్లకు జాగా. కోసే పని బాలకిషన్‌ది. ముప్పై ఏళ్ల కింద రైల్వే షెడ్డులో వాడికి వెల్డింగు నేర్పింది నేను.

ఇంజను పైరేకంటే చొక్కా, ఎక్కడైనా కత్తిరించవచ్చు అని నేర్పిందీ నేనే. మా షెడ్డుకొచ్చే ముక్కు పొడుగు ఇంజన్లకు అది నిజం. వాటి అడుగున లావుపాటి దూలాలుంటాయి, బరువంతా వాటిదే. పైరేకు వానకు అడ్డం. బోల్టులు విప్పి మూతలా ఎత్తేస్తాం. ఇదీ అలాంటిదే అనుకుని నేను చూడటానికి పోలేదు. తీరా ఇది అంతకంటే పాతది, పెట్టెలాంటి ఒళ్లు. దీనికి పక్కగోడలే వంతెన. నిలువు కమ్మీలు, వాటి మధ్య ఏటవాలు పట్టీలు రివెట్లతో బిగించి, ఆపైన పలుచటి రేకు తొడుగుతారు. మోసేవి ఆ పట్టీలే. అడుగుభాగానికి అటక పలకంత బలం. ఇట్లాంటిది మా షెడ్డుకు ఒక్కటే వచ్చింది, బాలకిషన్ చేరకముందు. దాని సంగతి వాడికి చెప్పలేదు. డ్రైవరు లేకుండా బయల్దేరి నారాయణగూడలో ఛాయ్‌కి ఆగిన ఇంజను కథ మాత్రం వాడికీ, దొరికిన వాళ్లందరికీ నలభైసార్లు చెప్పాను.

నేను చేరేసరికి రెండు కొసలకూ గొలుసులు తగిలించారు. బాలకిషన్ లోపల, నడుమ భాగంలో, గ్రానైటు బల్ల బిగిస్తున్నాడు.

"లేపకుండ్రి. నడుమల ఇరుగుతది" అన్నాను, ఊపిరి అందక.

ఉమాకాంత్ నవ్వాడు. "రా తాత. ఛాయ్ తాగిన ఇంజను ఇదేనా?"

"పట్టీలు కోసిండ్రు బిడ్డా. గవే దాని ఎముకలు."

"నువ్వే గద ఉస్తాద్ చొక్కా అన్నది" అన్నాడు లోపలి నుంచి బాలకిషన్. "ఇప్పుడు ఎముకలంటవ్."

"రేపు ఇంజనుకు జరమొచ్చిందంటడు" అన్నాడు ఉమాకాంత్. పుస్తకాల సంచులతో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. ఇంకోరోజైతే నేనూ నవ్వేవాణ్నే.

క్రేను గుర్రుమంది. డొల్ల జానెడు లేచింది, మూరెడు లేచింది.

"బాలకిషన్, బయటికి రా."

"గీ బల్ల అతికిచ్చి వస్త."

క్రేను చక్రం ముందు కూర్చున్నాను. ఇద్దరు బియ్యం బస్తాలా ఎత్తి పక్కన పెట్టారు. అప్పటికి డొల్ల నా నడుమంత ఎత్తు లేచింది. నా నోట్లోంచి ఏం వచ్చినా కథే అవుతోంది. ఇక మాటలతో లాభం లేదు.

"ఒరేయ్, నీ పక్క తలుపు ఒక్కసారి మూసి చూడు. మూసుకుంటె ఇంటికి పోత. మల్ల నోరిప్ప."

"పొద్దున నేనే మూసిన గద" అంటూ లాగాడు. పైమూల చట్రానికి తగిలి తలుపు ఆగిపోయింది. మళ్లీ లాగాడు. భుజంతో తోశాడు. చట్రమే పక్కకు ఒరిగి ఉంది. వాడు తల తిప్పి కిటికీల వరుస చూశాడు. మధ్యవి రెండూ కిందికి జారి ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఇనుము చూసిన కళ్లకు నేనింకేం చెప్పాలి?

"అన్నా, దించు" అన్నాడు క్రేనతనితో.

"నడుమల ఉండకు. కొసకు పో. అడుగు గట్టిగ ఎయ్యకు."

వాడు కాళ్లు ఈడ్చుకుంటూ కొసకు జరిగాడు. క్రేను అంగుళం అంగుళం దించుతుంటే రివెట్లు ఒక్కొక్కటే తెగాయి. ఒక్కో చప్పుడుకూ వాడు కళ్లు మూసుకుంటున్నాడు, నేనూ మూసుకుంటున్నాను. మోకాలెత్తుకు రాగానే కిటికీలోంచి నా మీదికే దూకాడు. ఇద్దరం మట్టిలో పడ్డాం. వెనక గ్రానైటు బల్ల జారింది, డొల్ల నడుమకు మడతపడి కూలబడింది.

బాలకిషన్ మోచేయి దోక్కుపోయింది, అంతే. వాడి మణికట్టు నేను వదల్లేదు.

ఉమాకాంత్ దాని చుట్టూ తిరిగి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "మల్ల పట్టీలు అతికిస్తె నిలవడతదా తాత?"

ఇప్పుడు నేనేం చెప్పినా నమ్మేట్టున్నాడు.

"నిలవడదు బిడ్డా."

అతను ఇంకోసారి అడిగాడు. నేను ఇంకోసారి అదే చెప్పాను.