ఒకే పేరు, మూడు చేతులు

“ముగ్గురికి మూడు పేర్లెందుకమ్మా? మనమేమన్నా దొంగలమా? ‘డెయిరీ’ అని ఒక్క పేరు పెట్టు, ఒక్క పాస్‌వర్డ్ పెట్టు. అందరమూ అదే వాడుకుందాం,” అన్నాడు మేనేజరు శ్రీనివాసమూర్తి ఫోన్లో. వెనక మారికుప్పం రైలు రొద.

“ఎవురు ఏం నొక్కినారో తెలియాల కదా సార్,” అంది నయన.

“తెలిసి ఏం చేస్తావు, పోలీస్ స్టేషన్ పెడతావా? నాకు ఒక్క పాస్‌వర్డే గుర్తుండదు, ఇంగ మూడంట!”

నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు. నయన ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు, మేనేజరు మాట కాదనే ధైర్యం లేదు. ‘డెయిరీ’ అనే పేరే కొట్టింది.

బూదికోట దగ్గర ఆ పాలకేంద్రంలో ట్యాంకులు కడగడం ఇకమీదట కంప్యూటర్ పని. ముందు చన్నీళ్ళు, తర్వాత సలసల కాగే కాస్టిక్ సోడానీళ్ళు. రైల్లోంచి మూర్తి, ముళబాగిలు శాఖలోంచి కేశవ, ఇక్కడ నయన, ముగ్గురూ చూసేది ఒకే తెర. తెర మీద బాణం ఒక్కటే. ఎవరు కదిపితే వాళ్ళ మాట వింటుంది.

ఇన్నాళ్ళూ ట్యాంకులు కడిగిన సీనప్ప కిటికీ దగ్గరకు వచ్చాడు, చేతిలో బ్రష్షు. “రెండో ట్యాంకు అడుగున పాలగార పట్టుండాదమ్మా. దిగి గీకేసి వస్తా.”

“చొక్కా యాడ తగిలించినావన్నా?”

“ఇంగ యాడ? స్విచ్చికే.”

అది అక్కడి కట్టుబాటు. ట్యాంకు పక్క స్విచ్చికి సీనప్ప చొక్కా వేలాడుతుంటే లోపల మనిషి ఉన్నట్టే. ఎవరూ దాన్ని ముట్టరు.

“ఆ స్విచ్చికి పొద్దున్నే ప్రాణం తీసేసినాను కదన్నా. అన్నీ ఈ కంప్యూటర్ లోనే.”

“స్విచ్చికి లేకుంటే ఏమి, నా చొక్కాకుండాది పో!” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నయన వెనక్కి పిలవబోయి ఆగింది. తెర ముందు తనే కూర్చుని ఉంది. తనను కాదని ఎవరు నొక్కుతారులే అనుకుంది.

కాసేపటికి తెర మూలన చాట్ పెట్టె వెలిగింది. ఇంగ్లీషు అక్షరాల్లో సగం కన్నడం, సగం తెలుగు. ‘డెయిరీ: రెండో ట్యాంక్ వాష్ స్టార్ట్ మాడ్లా?’ మొదలుపెట్టనా అని.

అడుగుతున్నది మూర్తి సారా, కేశవా? సారైతే ‘ఆగండి’ అనాలి. తనకంటే చిన్నవాడు కేశవైతే ‘ఆగు’ చాలు. ఎవరైనా తప్పు పట్టని మాటొకటి తట్టి టకటకా కొట్టింది. ఎ, జి, ఎ, ఎల్, ఐ. ఆగాలి.

ఆ మాట అటువైపు చేరిందో లేదో, తెర మీద బాణం దానంతటదే కదిలింది. మెల్లగా, పాకుతున్నట్టు, వాష్ బటన్ మీదికి వెళ్ళింది.

గోడ అవతల పంపు మూలిగింది.

నయన మౌస్ మీద పడి స్టాప్ నొక్కింది. పంపు ఆగింది. ఊపిరి పీల్చుకునేలోపే బాణం ఆమె చేతిని విదిలించుకుని మళ్ళీ వాష్ నొక్కింది. నెట్టు తడబడిందని అనుకుంటున్నారేమో, అవతల. ఆమె ఆపింది. వాళ్ళు నడిపారు. లోపల మనిషున్నాడని రాయాలంటే మౌస్ వదలాలి. వదిలితే బాణం వాళ్ళదే. ఆపడానికి ఈ కంప్యూటర్ తప్ప మరో దారి లేదు.

“సీనన్నా, బయటికి రా!” గొంతు చించుకుని అరిచింది. పంపు హోరులో ఆ కేక ఆమెకే వినబడలేదు.

చన్నీళ్ళ పని అయిపోయిందనుకున్నారేమో, ఈసారి బాణం పక్క బటన్ మీదికి జారింది. సోడానీళ్ళ బటన్. నొక్కేసింది.

నయన వంగి నెట్ వైరు పట్టి పీకేసింది. బాణం నిలిచిపోయింది. పంపు మాత్రం నిలవలేదు. మళ్ళీ స్టాప్ నొక్కింది. హోరు తగ్గింది. అప్పుడు వినబడింది ట్యాంకులోంచి సీనప్ప కేక.

డ్రైవర్లు ఇద్దరు కలిసి అతన్ని పైకి లాగారు. నడుము కింద తోలు ఎర్రగా ఉబ్బిపోయింది. పాలవ్యానులో గోనెపట్టాల మీద పడుకోబెడుతుండగా కేశవ ఫోన్ చేశాడు. “ఏమాయె నయనక్కా? మూర్తి సారే కదా ‘ఆగలి’ అన్నారు! కానీమన్నారు కదా అని...”

అప్పుడర్థమైంది నయనకు. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘాలుండవు. తను రాసిన ‘ఆగాలి’ అక్కడ కన్నడంలో ‘ఆగలి’ అయింది, సరే కానీ అని. రాసింది నయన అని తెలిసుంటే కేశవ దాన్ని తెలుగులోనే చదివేవాడు. తెర మీద ఉన్నది ‘డెయిరీ’. ఇంట్లో కన్నడం మాట్లాడే సారే అనుకున్నాడు.

కాసేపటికే మూర్తి ఫోను, కేశవ చెప్పినట్టున్నాడు. “చూడమ్మా, చెప్పకుండా దిగినాడని అందాం. కంప్యూటర్లో అంతా ఒకే పేరు కదా, ఎవురినీ పట్టేదానికి లేదు. నీకూ మంచిదే.”

మల్బరీ తోటలోంచి సీనప్ప భార్య చిన్నవెంకటమ్మ కొడవలితోనే పరుగెత్తుకొచ్చింది. వ్యానులోకి తొంగి చూసింది. ఏడవలేదు. నయన వైపు తిరిగింది.

“నా మొగుని మీద నీళ్ళిడిసింది ఎవురమ్మా?”

ఫోన్లో మూర్తి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. నయన ఫోన్ పెట్టేసింది.

“ఎక్కమ్మా,” అంది. “నేనూ వస్తా. దావలో ముగ్గురి పేర్లూ చెప్తా. నా పేరు ముందు చెప్తా.”

చిన్నవెంకటమ్మ కొడవలి కింద పెట్టకుండానే వ్యాను ఎక్కింది.