నస్రీన్‌కు గది

నేను ఒక ఫ్లాస్కును. బయట ఉక్కు, లోపల గాజు. కర్నూలు బజారులో మూడు దుకాణాలు తిరిగి జైబున్నీసాగారు నన్ను కొన్నారు. మూతలోని రబ్బరు తీసి మరీ కడగడం ఆమె పద్ధతి. భర్త మహబూబ్ బాషాగారు నీళ్లు పోసి రెండుసార్లు ఊపి, కడిగానంటారు. యూనివర్సిటీలో ముప్పై ఏళ్లుగా ఇస్లామిక్ చట్టం బోధిస్తున్న మనిషి. రుజువు లేని మాట ఇంట్లో మాత్రమే చెప్తారు.

ఆయన వెంట ఎన్నో కమిటీలు చూశాను. ఏం తేల్చాలో తోచనప్పుడు మనుషులు చాయ్ తాగుతారు.

ఆ రోజు హాస్టల్ కమిటీ ముందున్న విషయం ఆయన శిష్యురాలు నస్రీన్. పుట్టినప్పుడు ఇంట్లోవాళ్లు మగపిల్లాడన్నారు. ఇప్పుడు ఆడపిల్లగా బతుకుతోంది. అబ్బాయిల హాస్టల్లో ఉండలేకపోయింది, అమ్మాయిల హాస్టల్ చేర్చుకోలేదు. సోమవారానికి గది దొరక్కపోతే లా చదువు మాని సొంతూరు ఆదోని వెళ్లిపోవాలి.

“ఫారంలో ఉండేవి రెండే గళ్లు సార్. ఈ పిల్లను యాడ రాసేది?” అంది అమ్మాయిల హాస్టల్ వార్డెన్ ఓబుళమ్మ. “అయినా మీ మతమే ఒప్పుకోదంటారే.”

బాషాగారు ఆమెకు చాయ్ పోశారు. “ఆడా మగా తేలనోళ్లు నమాజుకొస్తే యాడ నిలబడాల్నో పాత పండితులు రాసినారు మేడం. మగోళ్ల వరుసల వెనక, ఆడోళ్ల వరుసల ముందర. బయటికి పొమ్మనలేదు.”

“ఈమె సంగతీ అదేనా?”

“కాదు. వాళ్లు రాసింది పుట్టుకతోనే ఒళ్లు ఆడా మగా తేలనోళ్ల గురించి. ఈమె విషయం నాకూ పూర్తిగా తేలలేదు. నాకు తేలేదాకా ఈమె వరండాలో పండుకోవాల్నా? మన మానవ హక్కుల పేపరు ఆరో సెమిస్టర్లో ఉంది. అందాకా ఆగమందామా?”

ఎవరో నవ్వారు. కమిటీవాళ్లు గెస్ట్‌హౌస్ వెనక విడి గది ఇస్తామన్నారు. బాషాగారు నన్ను చంకన పెట్టుకుని, గెలిచిన మనిషిలా వరండాలోకి వచ్చారు.

బెంచీ మీదున్న నస్రీన్ అంతా విని నెమ్మదిగా అంది: “మధ్యలో గది వద్దు సార్. నేను ఆడపిల్లను. వాళ్లతో ఉండనీకే కదా అడిగింది.”

ఆయన మళ్లీ లోపలికి వెళ్లారు. “తప్పు చెప్పినా మేడం. గ్రంథాలు తిరగేసినా గానీ ఆ పాపను అడగలేదు.”

“మీరు తప్పు ఒప్పుకునేది ఇదే సూడ్డం,” అంది ఓబుళమ్మ. ఫారం ముందుకు లాక్కుంది. “నా పక్క గదిలో ఒక మంచం ఖాళీ. నీళ్లు అయిదింటికే వస్తాయి. లేటుగా లేస్తే నన్ననొద్దని చెప్పండి.”

ఆ సాయంత్రం నస్రీన్‌తో పాటు నన్నూ పంపించారు. రెండేళ్ల తర్వాత నా లోపలి గాజు పగిలింది. పారేయకుండా కిటికీలో పెట్టారు. ఇప్పుడు నాలో నలుగురమ్మాయిల దువ్వెనలుంటాయి. ఏది ఎవరిదో నేను చెప్పలేను.