జీనత్ కుడిచేతి గాజులు

పొద్దున కోర్టు గేటు తీసేవేళకే గురజాలలో జీనత్ గాజుల కొట్టు షట్టరు కూడా లేచేది. కొట్టు కోర్టుకు ఎదురు సందులో ఉంది. కోర్టుకీ గాజులకీ ఏం సంబంధమని కొత్తవాళ్లు అడుగుతారు. చాలా సంబంధం ఉంది. వాయిదాకి వచ్చిన ఆడవాళ్లు పిలుపొచ్చేదాకా ఎక్కడ కూర్చోవాలి? ఆవరణలో నీడ ఉన్న చోటల్లా మగవాళ్లూ, ప్లీడర్ల గుమాస్తాలూ ఉంటారు. అందుకని వాళ్లు జీనత్ కొట్టులో బల్ల మీద కూర్చునేవాళ్లు. ఊరికే కూర్చోవడం మొహమాటమై ఒక డజను వేయించుకునేవాళ్లు. మొగుడి మీద మనోవర్తి కేసు వేసిన మనిషి కూడా రెండు చేతులా గలగలలాడుతూనే బోనెక్కేది. ఆ చప్పుడుకి ఒకసారి జడ్జిగారు సాక్ష్యం ఆపించి, చేతులు కదపకుండా మాట్లాడమన్నారట.

జీనత్ చేతిలో గాజు మెత్తబడేది. అవతలి మనిషి బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చిటికెనవేలి వైపు ఎముకని లోపలికి నొక్కి, గాజుని ముందుకు తోసేది. గాజు కాస్త సాగి, పిడికిలి దాటి, మణికట్టు చేరగానే మళ్లీ గట్టిపడేది. రెండున్నర సైజు చేతికి రెండుంబావు గాజు ఎక్కేది. దాచేపల్లి నుంచీ మాచర్ల నుంచీ పెళ్లివాళ్లు వచ్చేది అందుకే. వచ్చినవాళ్లు డజను ఎంతని బేరమాడేవాళ్లే తప్ప గాజు ఎందుకు సాగిందని ఒక్కరూ అడగలేదు. వాళ్లమ్మ మస్తాన్‌బీ చేతిలోనూ సాగేది మరి.

అయితే ఆ చేతికి ఎక్కించడమే తెలుసు, దించడం తెలీదు. అట్లా ఎక్కిన గాజు మళ్లీ పగిలితేనే ఊడుతుంది.

జీనత్‌కి పన్నెండో ఏట వాళ్లమ్మ కుడిచేతికి నాలుగు ముదురాకుపచ్చ గాజులు వేసింది, చిన్నపిల్లల సైజువి. "ఇయ్యి ఉన్నన్నాళ్లు చెయ్యి నీది. ఇయ్యి పోయిన్నాడు నీ చేతిలో గాజు మెత్తబడదు," అంది. ఆ ఇంట్లో పని అప్పగించే పద్ధతే అది. జీనత్‌కి ఇప్పుడు నలభై ఆరు. మస్తాన్‌బీ పోయిన రోజు, స్నానం చేయించే ఆడవాళ్లు ఆమె గాజులు తీయబోతే రాలేదు. జీనత్ అమ్మ చెయ్యి పట్టుకుని గంటసేపు ప్రయత్నించింది. చివరికి కల్వం పొత్రంతో కొట్టారు. ఆ చప్పుడు జీనత్ చెవిలో ఇంకా ఉంది.

రెండేళ్ల కిందట కుడిచేతి వేళ్లకి తిమ్మిర్లు మొదలయ్యాయి. ముందు బొటనవేలు, తర్వాత చూపుడువేలు, మధ్యవేలు, ఆ పక్క వేలు సగం. విదిలిస్తే తగ్గేది. తర్వాత విదిలించినా తగ్గలేదు. చిటికెనవేలు ఒక్కటే బాగుంది. కొట్టులో గాజు మెత్తబడటం ఆలస్యమైంది. ఒక్కోసారి ఒక పక్కే సాగేది, చిటికెనవేలు తగిలిన పక్క.

ఆ వేళ్లు చెప్పిన మాట వినడం లేదని ఎవరికీ చెప్పకపోవడమే జీనత్ చేసిన తప్పు. బల్ల కింద సబ్బు ముక్క దాచుకుంది. మిగతా గాజులవాళ్లందరూ సబ్బు పెడతారు, అందులో తప్పేం లేదు. కానీ మస్తాన్‌బీ కొట్టులో సబ్బు అనేది చేతులు కడుక్కోవడానికే ఉండేది. ఒకరోజు జంగమహేశ్వరపురం నుంచి వచ్చిన ఒకామె అరచెయ్యి వాసన చూసుకుంది.

"ఏందక్కా, సబ్బా? సబ్బుతో ఎక్కేదానికి ఇంతదూరం ఆటోలో రావాలా? మా ఇంట్లో నేనే ఏసుకుంటాగా!"

పక్కన కూర్చున్నవాళ్లు నవ్వారు. జీనత్ కూడా నవ్వింది. నవ్వి, లోపలికెళ్లి, గాజుల పెట్టెల మధ్య కాసేపు నిలబడి వచ్చింది.

తర్వాత నెలకి ప్లీడరు రామకృష్ణగారి కోడలు ప్రత్యూష సీమంతం వచ్చింది. పిల్లకి వేళ్లు నీరుపట్టి ఉన్నాయి. ఐదో గాజు పిడికిలి మీద టప్పున చిట్లి, పెంకు లోపలికి దిగింది. పట్టుచీర మీద రక్తం పడింది. జీనత్‌కి అది తెలియలేదు. వేళ్లు ఇంకా తోస్తూనే ఉన్నాయి. "అక్కా, ఆపు! అక్కా!" అని ప్రత్యూష అరిచాక చూసుకుంది.

"పెరిగిందిలేమ్మా, పెరిగింది," అన్నారు ముత్తయిదువలు గబగబా. అట్లాంటి చోట పగిలిందనరు. అత్తగారు కనకలక్ష్మి మాత్రం జీనత్‌ని పెరట్లోకి తీసుకెళ్లి, "నీ చేతికి ఏమైందే? ముప్పై ఏళ్లుగా చూస్తన్నా, నీ చేతిలో ఒక్క గాజు చిట్లలా. దాచిపెడితే చెయ్యి బాగవుద్దా?" అని గట్టిగా కసిరింది. ఆ కసురులో ప్రేమ ఉంది కాబట్టే జీనత్‌కి ఏడుపు ఆగలేదు.

భర్త షౌకత్ మోటార్లకి వైండింగ్ చేస్తాడు. ఆ ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. కోపమొస్తే ఇంట్లోనూ తెలుగే. ఆ సాయంత్రం తెలుగే నడిచింది.

"రెండేళ్లా? రెండేళ్ల నుంచి చెప్పలా?"

"చెప్తే ఏం చేస్తావు? నా చెయ్యికి వైరు చుడతావా?"

"చుట్టేవాడి దగ్గరికి తీసకపోతా. లెయ్యి."

గురజాల బస్సు పిడుగురాళ్ల మీదుగా నరసరావుపేట పోతుంది. దారి పొడుగునా సున్నపు బట్టీల పొడి కిటికీల్లోంచి వచ్చి అందరి జుట్టునీ సమానంగా ముసలిది చేస్తుంది. తెల్లటి జుట్టుతో ఆ ఇద్దరూ ఎముకల డాక్టరు సుధీర్ బాబు ముందు కూర్చున్నారు. చేతికి కరెంటు తీగలు తగిలించి పరీక్ష చేశారు. డాక్టరు ఆమె బొటనవేలి కింద కండని చూపించాడు. ఎడమచేతికి అక్కడ బుగ్గలా ఉంది. కుడిచేతికి గుంటపడింది.

"మణికట్టులో నరం నలుగుతోందమ్మా. కట్టు కట్టుకుంటే, సూది వేస్తే తగ్గే దశ దాటిపోయింది. చిన్న ఆపరేషన్. చెయ్యి వరకే మత్తు. ఇంకో ఆరునెలలు ఆగితే నరం చచ్చిపోతుంది. అప్పుడు కోసినా లాభం లేదు."

"ఇంతకుముందులా అయిద్దా సార్?"

"స్పర్శ చాలావరకు రావచ్చు. పోయిన కండ మాత్రం చెప్పలేను." కాగితం మీద ఏదో రాస్తూ, "ఆ గాజులు తీసేసి రండి," అన్నాడు. రోజూ అందరికీ చెప్పే మాటే.

బస్సులో షౌకత్ తనకి తెలిసిన భాషలో చెప్పాడు. "చూడు. పైపులో వైరు ఇరుక్కుంది. పైపు కోస్తారు, వైరుని ముట్టుకోరు. అంతే."

"ఇయ్యి పగలకొట్టాలంట."

షౌకత్ గాజుల వంక చూశాడు. పెళ్లినాటి నుంచీ ఆ నాలుగు గాజుల సంగతి ఆయనకీ తెలుసు.

"పగలకొడితే మా అమ్మ ఇచ్చింది పోద్ది. కొట్టకపోతే చెయ్యే పోద్ది. గాజులు పగలకొట్టి చెయ్యి తెచ్చుకుంటే ఆ చేత్తో నేనేం చెయ్యనయ్యా?"

"అన్నం తిను. నా వీపు మీద ఒకటెయ్యి. అది చాలదా?"

ఆమె నవ్వలేదు. కిటికీ అద్దానికి తల ఆనించుకుంది.

నెలరోజులు ఆపరేషన్ మాట ఎత్తనివ్వలేదు. దర్గాలో తాయెత్తు కట్టించుకుంది. ఎవరో చెప్తే ఆవనూనెలో వెల్లుల్లి కాచి రాసింది. మనిషి లేనప్పుడు కొట్టులో కూర్చుని, ఒక ఎర్రగాజు వేళ్ల మధ్య పెట్టుకుని నొక్కుతూ ఉండేది. గాజు గట్టిగా, చల్లగా ఉండేది. చల్లగా ఉందని కూడా చిటికెనవేలు చెప్తేనే తెలిసేది. కోర్టు వాయిదాలవాళ్లు బల్ల మీద కూర్చుంటున్నారు కానీ చేతులు చాపడం లేదు. "మళ్లీ వాయిదాకి వేయించుకుంటాలే జీనతక్కా," అంటున్నారు.

ఒక పొద్దున దోసెలు పోస్తుంటే మాడు వాసన వచ్చింది. దోసె తిరగేసి చూసింది. ఎర్రగా, బాగానే ఉంది. స్టవ్ తగ్గించింది. వాసన పెరిగింది. అప్పుడు చూసుకుంది. చూపుడువేలూ మధ్యవేలూ పెనం అంచు మీద ఆని ఉన్నాయి, ఎవరో తమ వేళ్లని ఇంకెవరి పెనం మీదో మర్చిపోయి వెళ్లినట్టు. తోలు తెల్లగా లేచింది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే ఆమెని నేల మీద కూలేసింది.

షౌకత్ వచ్చేసరికి అరచెయ్యి నీళ్ల చెంబులో పెట్టుకుని కూర్చుని ఉంది. "పోదాం పా," అంది. "పగలకొట్టనీ."

ఆపరేషన్ గది ముందు చిన్న గదిలో, పచ్చ గౌను తొడిగి మంచం మీద కూర్చోబెట్టారు. షౌకత్‌ని బయటే ఆపేశారు. నర్సు వచ్చింది. ముప్పై దాటిన మనిషి, రెండు చేతులూ బోడిగా ఉన్నాయి. స్టీలు ట్రేలో దూది, పక్కన చిన్న కత్తెర లాంటి కట్టరు. గాజులు రానివాళ్లకి దాంతో తుంచుతారు.

"చెయ్యి ఇట్లా పెట్టమ్మా. కళ్లు మూసుకో, పెంకులు ఎగురుతయ్యి."

జీనత్ చెయ్యి ఇచ్చింది. కట్టరు గాజుని తాకగానే వెనక్కి లాక్కుంది.

"వద్దు. నేను పోతా. మా ఆయన్ని పిలువు."

"అక్కడ డాక్టరుగారు ఎదురు చూస్తన్నారు—"

"కాళ్లు పట్టుకుంటా తల్లీ, వద్దు." మంచం దిగబోయింది. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పట్టులో జీనత్ చిటికెనవేలు నర్సు బొటనవేలి మొదట్లో ఎముక మీద పడింది. అక్కడ ఎముక చిన్న రేగుపండంత ఎత్తుగా ఉంది. జీనత్‌కి మొహాలు గుర్తుండవు. చేతులు గుర్తుంటాయి.

"నీది నడికుడి కదూ? రైల్వే గ్యాంగులో ఏసోబు... ఆయన కూతురివి. నీ పెళ్లికి రెండు డజన్లు ఏశా. ఈ ఎముక దగ్గర చానా కష్టపడ్డా."

నర్సు కట్టరు పక్కన పెట్టింది. ఆమె పేరు కుసుమ.

"మీరేనా అక్కా!" అంది. "రెండేళ్లు కూడా ఉంచుకోలా. ఆయన పోయిన్నాడు అత్తగారోళ్లు తీస్తామంటే రాలా. మీరేసినయ్యి రావుగా. రోటి అంచు మీద పెట్టి కొట్టారు. ఒక్కటన్నా ఉంచమన్నా. ఇనలా." మణికట్టు తిప్పి చూపించింది. సన్నటి తెల్లగీతలు. "ఇప్పుడేమో ఇక్కడ రోజూ ఇదే పని నాకు. కాన్పుకొచ్చినోళ్లయీ, కాలిరిగినోళ్లయీ తుంచుతా. తుంచినప్పుడల్లా నా చెయ్యే జలదరించుద్ది."

ఇద్దరూ కాసేపు ఆ నాలుగు పచ్చగాజుల్ని చూశారు.

"ఆ రోజు మీరు ఎట్లా నొక్కారో నా చేతికి ఇంకా గుర్తుందక్కా," అంది కుసుమ. అని, జీనత్ బొటనవేలిని అరచేతిలోకి మడిచింది. చిటికెనవేలి వైపు ఎముకని లోపలికి నొక్కింది. గాజుని ముందుకు కాదు, వెనక్కి లాగింది.

గాజు మెత్తబడింది. పిడికిలి మీద సాగి, వేళ్ల మీదుగా జారి, ట్రేలో పడి మళ్లీ గట్టిపడి ఖంగుమంది. తర్వాత రెండోది. మూడోది. నాలుగోది. నాలుగూ గుండ్రంగా, చెక్కుచెదరకుండా దూది పక్కన ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి జీనత్ తన మణికట్టు చూసుకుంది. అక్కడ చర్మం పసిపిల్లది.

"కుసుమా, అయిందా?" అని లోపలి నుంచి డాక్టరు కేకేశాడు.

"వస్తన్నాం సార్."

కుట్లు విప్పాక ఒక్కొక్క వేలే తిరిగొచ్చింది. నాలుగో వారం టీ గ్లాసు చురుక్కుమంటే జీనత్ "అబ్బా" అని గట్టిగా అరిచింది. షౌకత్ వైండింగ్ వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. కాలిందని చెప్తూ ఆమె నవ్వుతుంటే ఆయనకి కాసేపు అర్థం కాలేదు.

కానీ కొట్టులో గాజు మెత్తబడలేదు. వారం చూసింది. ఎర్రవి, నీలివి, ముత్యాలవి. వేళ్లకి గాజు అంచూ, చల్లదనమూ, అతుకు దగ్గర సన్నటి గరుకూ అన్నీ తెలుస్తున్నాయి. గాజు మాత్రం గాజులాగే ఉంది. అమ్మ చెప్పిందే జరిగింది. ఆ మధ్యాహ్నం షట్టరు సగం దించి, చాలాసేపు ఏడ్చింది. తర్వాత సబ్బు ముక్కని బల్ల కింద నుంచి తీసి బల్ల మీద పెట్టింది.

ఆరో వారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు రుమాల్లో మూటగట్టి ఆ నాలుగు గాజులూ తీసుకెళ్లింది. కుసుమ వార్డులో ఉంది.

"చెయ్యి పట్టు."

"నాకెందుకక్కా? నేను గాజులు—"

"నిన్ను నేనేమన్నా అడిగానా? చెయ్యి పట్టవే."

మంచాల మీద ఆడవాళ్లు చూస్తున్నారు. జీనత్ ఆ చేతిని మడిచింది, రేగుపండంత ఎముక దగ్గర కాస్త ఆగింది, నొక్కింది. గాజు సాగింది. ఎవరి చేతిలో సాగిందో, వేసే చేతిలోనో వేయించుకునే చేతిలోనో, జీనత్ చూడలేదు. రెండేళ్ల తర్వాత మళ్లీ వేళ్ల కింద ఒక మనిషి ఎముక తెలుస్తోంది. ఆ ధ్యాసలోనే నాలుగూ ఎక్కించింది. మొదటి మంచం మీది ముసలామె, "పచ్చయ్యి బాగుండయ్యి, డజను ఎంతమ్మా?" అని అడిగింది.

కట్టరు ఆ రోజు సొరుగులోకి పోయింది, మళ్లీ బయటికి రాలేదు. ఆపరేషన్‌కొచ్చిన వాళ్ల గాజులు ఇప్పుడు కుసుమ చెక్కుచెదరకుండా తీసి, కాగితంలో చుట్టి ఇంటివాళ్ల చేతికిస్తుంది. ఈమధ్య చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి మొగుడైనా పోతే, రోలు దగ్గరికి తీసుకెళ్లేలోపు ఎవరో ఒకరు కుసుమకి ఫోన్ చేస్తున్నారు.

ఆ రోజు తిరుగు బస్సులో పిడుగురాళ్ల దాటాక షౌకత్ అడిగాడు. "చెయ్యి బోడిగా ఉంది. కొట్టులో డజను లేవా ఏంది?"

"ఉండనీ," అంది జీనత్. కిటికీ ఊచ పట్టుకుంది. ఊచ వేడిగా ఉంది, తుప్పు పెచ్చులు గుచ్చుకుంటున్నాయి, వాటి మీద సున్నప్పొడి మెత్తగా పేరుకుని ఉంది. ఐదు వేళ్లతోనూ గురజాల వచ్చేదాకా పట్టుకునే కూర్చుంది.