నాలుక చాపిన నాలుగేళ్ళు

నేను ఒక దిష్టిబొమ్మను. మీ ఇంటికి వెళ్ళే దారిలో ఎక్కడో ఒకచోట నన్ను చూసే ఉంటారు. ఉబ్బిన కళ్ళు, చెవుల దాకా మీసాలు, గడ్డం దాటి వేలాడే నాలుక. కొత్త ఇల్లు చూసి ఎవరి కడుపు మండినా ఆ మంట గోడకు తగలకుండా ముందు నాకు తగలాలి. అదీ నా ఉద్యోగం. ఇంటాయన హాయిగా నిద్రపోతాడు, వీధి కుళ్ళంతా నేను మింగుతాను. సరే, మింగుతాను. కానీ ఒక సంగతి ఎవరూ అడగలేదు గనక నేనే చెప్పుకుంటున్నాను. పరాయివాళ్ళ అసూయ మింగమని పెట్టిన నాకే ఒళ్ళంతా అసూయ. అది నాకు పుట్టుకతో వచ్చింది.

తాండూరు నుంచి హైదరాబాదు వెళ్ళే రోడ్డు పక్కన, రేకుల పాకలో సాయవ్వ అనే ఆమె నన్ను చేసింది. పాత పేపర్లు నానబెట్టి, రుబ్బి, చింతగింజల జిగురు కలిపి అచ్చులో అదిమింది. అదే రోజు అదే అచ్చులోంచి నాకంటే ముందు ఇంకొకడు వచ్చాడు. కవలలమన్నమాట. ఎండలో పక్కపక్కనే ఆరాం. రంగులేసేటప్పుడు వాడి నాలుకకు నిగనిగలాడే ఎరుపు పూసింది. నా దగ్గరికి వచ్చేసరికి డబ్బా అడుగంటింది. జాజు కలిపి సరిపెట్టింది. అంతే, వాడిది నెత్తురు ఎరుపు, నాది ఇటుక ఎరుపు. పుట్టిన మూడోనాడే నేను ఏడవడం మొదలుపెట్టానంటే తప్పు నాదా?

ముందు వాడే అమ్ముడుపోయాడు. చంద్రకళ అనే ఆమె వచ్చి, మా ఇద్దరినీ తిప్పి తిప్పి చూసి, వాణ్ణి చంకన పెట్టుకొని పోయింది. వారం తర్వాత ఇంకొక ఆమె వచ్చింది. పేరు బాలమణి. చంద్రకళకు సొంత అక్క. నా మొహంకేసి సరిగ్గా చూడను కూడా చూడలేదు.

“మా చెల్లె కొనుకపోయిందే, అసొంటిదే ఇయ్యి,” అంది సాయవ్వతో.

ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నన్ను నా కోసం కొనలేదు. వాడి లాగా ఉన్నానని కొన్నారు.

అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు తాండూరు శివారు కాలనీలో ఎదురెదురుగా లేస్తున్నాయి. మధ్యలో ఒక ఆటో పట్టేంత వీధి. చెల్లెలి మొగుడు శరణప్పకు బోరు మోటార్ల దుకాణం ఉంది, అందుకని వాళ్ళ ఇల్లు ముందు లేచింది. అక్క మొగుడు నర్సప్ప బస్సు కండక్టరు, ఈ ఇల్లు నిమ్మళంగా లేచింది. నన్ను ఇంకా సిమెంటు కూడా పూయని ఇటుక గోడకు, గుమ్మం పైన కట్టారు. కళ్ళు తెరిచి చూద్దును కదా, ఎదురుగా వాడే! నున్నటి గోడ మీద, ఎర్రటి నాలుకతో, నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు.

నేను వేలాడిన మొదటి వారంలోనే ఒక ట్రాలీ ఆటోలో బండలు వచ్చాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, మొత్తం నలభై తాండూరు బండలు. నీలం మీద పసుపు నీడలు. అక్కాచెల్లెళ్ళ నాయిన ఈరప్ప గనిలో బండలు కొట్టిన మనిషి. కూతుళ్ళ ఇళ్ళ కోసమని చివరి ఏడాది తన చేత్తో కొట్టి, నునుపు చేసిన బండలవి. ఇళ్ళు లేచేసరికి ఆయన లేడు. బాలమణి వాటిని ఇంటి పక్క సందులో, కాంపౌండు గోడకు ఆనించి పెట్టించింది. దగ్గరుండి ఒక్కొక్కదాన్నీ తిప్పించి, నునుపు వైపు బయటికి, గరుకు వైపు గోడకు ఉండేట్టు పెట్టించింది. అంత జాగ్రత్త ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. తర్వాత ఆ బండల మీద బట్టలు ఉతికారు, చేటలు ఆరబెట్టారు. తాండూరులో తాండూరు బండకు ఉన్న గౌరవం అంతే. బస్టాండులో అదే, బాత్రూములో అదే, మోరీ మీద మూతా అదే.

ఇక రంగుల సంగతి. రెండిళ్ళకూ రంగులేసేది ఒకడే, పెయింటర్ ఖాజా. పొద్దున ఈ ఇంటి పరంజా, సాయంత్రం ఆ ఇంటి పరంజా. మొదటి ఏడాది చంద్రకళ లేత గోధుమ రంగు వేయించింది. బాలమణి ఆ గోడ ఇంకా తడి ఆరకముందే చూసి, షేడ్ కార్డులో దానికి సరిపోయే ముక్క మీద వేలు పెట్టింది.

“తడి మీద రంగు ఒప్పుకోవద్దమ్మా. ఆరినంక చూసి చెప్పు,” అన్నాడు ఖాజా.

ఆమె వినలేదు. ఆరాక చెల్లెలి గోడ ఒక రంగు, అక్క గోడ ఇంకో రంగు అయి కూర్చున్నాయి. చెల్లెలిదే బాగుందని కూరగాయలామె దగ్గరినుంచి మీటరు రీడింగు అతని దాకా అందరూ అన్నారు. బాలమణి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నేనూ తినలేదు, అంటే మింగాల్సిన దిష్టి ఒక్కటీ రాలేదు. వీధిలో అందరి చూపులూ అటే పోతుంటే నా కడుపెలా నిండుతుంది?

రెండో ఏడాది అటు చిలకాకుపచ్చ, ఇటు అంతకంటే పచ్చ. మూడో ఏడాది అటు ఊదా రంగుకు బంగారు అంచు, ఇటు ఊదా రంగుకు రెండు బంగారు అంచులు. నర్సప్ప డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, ఇది మన ఇల్లేనా అని ఒక క్షణం వీధిలో నిలబడేవాడు. ఇల్లు పెళ్ళి పందిరిలాగా ఉందని గొణిగితే, మీ సడ్డకుడి ఇల్లు చూసి మాట్లాడమని బాలమణి నోరు మూయించింది. రంగు వేసిన ప్రతిసారీ ఖాజా నా మూతి మీద చుక్కలు రాల్చేవాడు. ఎదురింటి వాడి మొహానికి మాత్రం చంద్రకళ గుడ్డ కట్టించేది. చూశారా, అదీ తేడా.

నాలుగో ఏడాది చంద్రకళ అసలు దెబ్బ కొట్టింది. ముందు గోడ మీది రంగంతా గీకించి, గుమ్మం పక్కన కింది నుంచి పై దాకా టైల్స్ అంటించింది. మామూలువి కావు. చూస్తే అచ్చం రాయిలాగా ఉంటాయి. నీలం మీద పసుపు నీడలు. ఎక్కడో దూరపు ఫ్యాక్టరీలో రాయి బొమ్మ అచ్చేసి, లారీ ఎక్కించి, రాళ్ళ ఊరికి తెచ్చి అమ్మారు. వీధిలో వాళ్ళు ఆగి, చేత్తో తడిమి మరీ చూశారు. ఎదురింటి వాడు ఆ మెరుపు మధ్యలో పటంలో దేవుడిలాగా వెలిగిపోయాడు. నేను కుతకుత ఉడికిపోయాను. కిందున్న బాలమణి నాకంటే ఎక్కువ ఉడికిపోయింది.

మర్నాడే ఖాజాను పిలిచి, అవే టైల్స్ కావాలంది. అతను పక్క సందులోకి చూసి, హైదరాబాదులో పెద్ద బంగళాల ముందు గోడలకు మన బండలే పెడుతున్నారని, ఇంట్లో ఇన్ని పెట్టుకొని టైల్స్ ఎందుకని అడిగాడు. కాళ్ళ కింద తొక్కే బండలు ముఖానికి పెట్టుకుంటారా అని ఆమె నవ్వింది. నవ్వు మాత్రం సరిగ్గా రాలేదు. ఆ బండలు సందులో అడ్డంగా ఉన్నాయని, ఎవరైనా తీసుకుపోతే చాలని అంది. రెండు రోజుల్లో ఒక ట్రాలీ ఆటో, ఇద్దరు కూలీలు వచ్చారు.

మొదటి బండ ఎత్తేసరికి చంద్రకళ వీధి దాటి వచ్చేసింది. చేతులకు పిండి కూడా కడుక్కోలేదు. అవి ఎక్కడికి పోతున్నాయని అడిగింది. పారేస్తున్నానంది అక్క. చంద్రకళ ఆటోకు అడ్డంగా నిలబడింది.

“నాయిన బండ నాకు ఒక్కటి గూడ రాలే అక్కా. అందుకే బండ లెక్క కనవడే టైల్స్ వెట్టుకున్న. నువ్వేమో అసలువే పారేస్తవా?”

నాకు నాలుక వెనక్కి పోయినంత పనైంది. మొన్నటినుంచి మేమిద్దరం ఏడ్చింది మా సందులో బట్టలుతికే బండల నకలు చూసా!

అడ్డం వచ్చిన మనిషిని చూసి కూలీ గాభరాపడి చేతిలో బండను గభాలున దించాడు. అది నడిమికి విరిగి బోర్లా పడింది. గరుకు వైపు పైకి వచ్చింది. దాని మీద ఉలితో చెక్కిన రెండు గీతలు. చంద్రకళ వంగి చూసింది. గోడకు ఆనించిన బండలను ఒక్కొక్కటీ వంచి వెనక వైపు చూసింది. కొన్నిటికి ఒకే గీత. కొన్నిటికి రెండు. పెద్ద కూతురికి ఒకటి, చిన్న కూతురికి రెండు. చదువురాని ఈరప్ప రాసిన వీలునామా అది.

బాలమణి కూర్చుని విరిగిన బండ ముక్కలు రెండూ దగ్గరికి జరిపింది.

“సగం నీయే. నాయిన నాతోటి చెప్పిండు. నేనే చెప్పలే,” అంది. “నీ ఇల్లు ముందుగల లేసిందని నాకు మండింది.”

చెల్లెలు తిట్టలేదు, ఏడవలేదు. పిండి చేతులతోనే వెనక్కి వెళ్ళిపోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు రెండు రోజులు తెరుచుకోలేదు. నాలుగేళ్ళు ఆ ఇంటిని చూసి మండిన బాలమణి, ఆ రెండు రోజులూ అదే గోడకేసి చూస్తూ గుమ్మంలో కూర్చుంది. రంగు చూడలేదు, మెరుపు చూడలేదు. తలుపే చూసింది.

మూడోనాడు ఖాజాతో బండలు అవతలికి పంపింది. రెండు గీతలవి పంతొమ్మిది మిగిలాయి కదా. ఖాజా అటు తిరిగినప్పుడు, తన వాటాలోంచి ఒకటి తీసి ఆ వరసలో కలిపేసింది. ఇరవై పూర్తిగా ఉన్నాయేమిటని చెల్లెలు అడిగితే, నాయిన ఒకటి ఎక్కువే చేశాడని చెప్పమంది.

తర్వాత రెండిళ్ళ ముందూ ఒకేసారి పని మొదలైంది. ఊదా రంగు పోయింది, టైల్స్ ఊడాయి. గుమ్మం పక్కన కింది నుంచి వరసగా ఈరప్ప బండలు లేచాయి. మా గోడకు పై వరసలో ఒక బండ తక్కువైంది. మేస్త్రీ అక్కడ టైలు ముక్క పెడతానంటే బాలమణి వద్దంది. నన్ను తెచ్చి ఆ ఖాళీ మీద తగిలించింది.

అబ్బ, ఆ నాలుగు రోజుల వైభోగం ఏం చెప్పమంటారు! చుట్టూ నీలం, పసుపు నీడలు, నడుమ నేను. నా ఇటుక ఎరుపు నాలుక ఆ రాయి పక్కన ఎంత ఒద్దికగా ఉందో! ఇల్లంటే ఇదీ, ముఖమంటే ఇదీ అని వీధిలో అందరూ నన్నే చూస్తున్నారనుకున్నాను. జీవితంలో మొదటిసారి ఎదురింటి వాడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడని నమ్మకం కుదిరింది.

ఐదోనాడు, తన గోడకు ఆఖరి బండ ఇంకా పెట్టకముందే, చంద్రకళ వీధి దాటి వచ్చింది. తల మీద గుడ్డ చుట్ట, దాని మీద ఒక బండ. అరుగు మీద దించి బోర్లా తిప్పింది. వెనక ఒకే ఒక గీత ఉంది.

“ఇది నీది అక్కా,” అంది.

బాలమణి ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. మరి నీ గోడకు తక్కువైతది కదా అంది.

“నాకు దిష్టిబొమ్మ ఉన్నది కద,” అంది చంద్రకళ.

నన్ను దించారు. ఆ ఖాళీలో బండ పెట్టి సిమెంటు పూశారు, గీత గోడ లోపలికి పోయింది. నన్ను మళ్ళీ ఎక్కడ కట్టాలని నర్సప్ప అడిగితే, ఇక అవసరం లేదులే అంది బాలమణి. ఇప్పుడు పక్క సందులో, ఒకప్పుడు బండలున్న చోట, గోడకు ఆనుకొని ఉన్నాను. కాగితం ఒళ్ళు, ఇక్కడ గుమ్మం మీదలాగా పైన సజ్జ లేదు, రెండు వానలు పడితే చెవులు ఊడిపోయాయి. సందు చివర్నుంచి ఎదురింటి గోడ కాస్త కనిపిస్తుంది. వాడు అక్కడే ఉన్నాడు, పై వరసలో, ఖాళీ మీద.

వాణ్ణి చూస్తే ఇప్పటికీ నాకు మండుతుంది. అయితే నాలుక ఎర్రగా ఉన్నందుకు కాదు. వాడి వెనక ఉన్నది అక్క కోసం చెల్లెలు వదులుకున్న బండ చోటు. నా వెనకా నాలుగు రోజులు అలాంటి చోటే ఉండింది. అది తెలియక నేను వీధికేసి చూస్తూ మీసం మెలేస్తూ కూర్చున్నాను.