తేదీ సరిచేసిన రోజు

లారీ ఆఫీసు కంప్యూటరు మూత విప్పి, పెయింటు బ్రష్షుతో లోపలి దుమ్ము దులుపుతున్నాడు విక్టర్. సాలూరులో లారీలు ఎంత పాతబడినా నడుస్తాయి. వాటి బిల్లులు కొట్టే కంప్యూటర్లూ అంతే. కొత్త మెకానిక్కులు వాటిని చూడగానే పారెయ్యమంటారు. విక్టర్ అనడు. వంగి వంగి వీపు గూనిదేరిన మనిషి. ఈ పాత పెట్టెల పొట్టలు శుభ్రం చేసుకుంటూనే మేనమామ కూతురు స్వర్ణను పెళ్లాడాడు, చర్చి వెనక రెండు గదులు వేసుకున్నాడు. ఇప్పుడు ఆమె ఊపిరితిత్తిలో గడ్డకు వైద్యం చేయిస్తున్నాడు.

ఆ వారం అతని చేతుల్లో హుషారు ఉంది. డాక్టరు మురళీమోహన్ రెండు ఎక్స్‌రేలను తెర మీద పక్కపక్కన పెట్టి, "మచ్చ తగ్గిందమ్మా, అవే మందులు వాడు" అన్నాడు మరి.

మధ్యాహ్నం ఆ డాక్టరు ఆస్పత్రి నుంచే ఫోను వచ్చింది.

వెళ్లేసరికి ఎక్స్‌రే గదిలో డాక్టరే నిలబడి ఉన్నాడు. "విక్టర్, అక్టోబరులో మొదటిసారి మన దగ్గరకొచ్చిన మనిషి ఫిల్ము మీద మార్చి అని పడింది. అదెలా?"

ఫిల్ము మీద తేదీ వేసేది ఎక్స్‌రే మిషనుతోపాటు వచ్చిన పాత కంప్యూటరు. వేరేదానితో మిషను పనిచెయ్యదని దాన్నే లాక్కొస్తున్నారు. విక్టర్ మూత విప్పాడు. లోపల గడియారాన్ని నడిపే గుండీ బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కరెంటు పోయినప్పుడల్లా గడియారం మొదటికొస్తోంది. ఆపరేటరు అనూరాధ మళ్లీ తేదీ కొడుతోంది.

"ఎలాగ కొడతన్నావమ్మా?"

"అందరిలాగే అన్నా. ముందు తేదీ, ఆనక నెల."

"ఇది ముందు నెల అడుగుతాది. డిసెంబరు మూడని నువ్వు కొడితే, మార్చి పన్నెండనుకుంటాది."

అనూరాధ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీకెవులూ సెప్పలేదు కదమ్మా" అన్నాడు విక్టర్.

కొత్త బ్యాటరీ వేశాడు. తేదీ తప్పినా ఫిల్ము నంబరు వరసగానే పెరుగుతుంది. ఆ నంబర్లను బట్టి ఫిల్ములన్నిటినీ మళ్లీ పేర్చసాగాడు. ఎవరివైనా సరే, పాతది తెరకు ఎడమన, కొత్తది కుడిన. సోములువి సర్దాడు, బుల్లమ్మవి సర్దాడు. తర్వాత స్వర్ణ పేరు వచ్చింది.

వానాకాలంలో తీసినదొకటి, మొన్న డిసెంబరులో తీసినదొకటి. మొన్నటిదాన్ని మార్చిదనుకుని మిషను ముందు పెట్టేసింది. విక్టర్ నంబర్లు చూశాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. చింతగింజంత మచ్చ ఎడమవైపుకు జరిగింది. నిమ్మకాయంత మచ్చ కుడివైపుకు వచ్చి ఆగింది.

తగ్గలేదు. పెరిగింది.

డాక్టరు చాలాసేపు తెర వంక చూశాడు. "ఏది ముందు, ఏది వెనకా అనే చూశాను విక్టర్. నెల చూడలేదు" అన్నాడు. "రేప్పొద్దున్నే తీసుకురా. విశాఖకు రాసిస్తాను."

విక్టర్ కుర్చీలోంచి లేవలేదు. "ఇంకా ఉన్నాయి సార్, మిగతావోళ్లవి" అన్నాడు. ఆఖరి ఫిల్ము దాకా పేర్చాకే లేచాడు.

ఇంటికి వెళ్లేసరికి స్వర్ణ గడపలో కూర్చుని చేటలో బియ్యం పోసుకుంటోంది.

"బావా, కళ్లజోడుకి ఆర్డరిచ్చొచ్చాను. ఇన్నాళ్లూ నాకెందుకులే అనుకున్నాను. ఇప్పుడు బతికుంటాననే కదా డాక్టరుగారు అంటన్నారు, బైబిల్లో వాక్యం సదువుకోవద్దేటి?"

విక్టర్ చెప్పులు విప్పకుండానే ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఏటయింది బావా?"

"తేదీలు తప్పేయి స్వర్ణా. పెద్ద మచ్చున్నదే మొన్నటిది."

ఆమె చేతిలో చేట ఆగిపోయింది.

"నిన్నెవులు సూడమన్నారు?" అంది సన్నగా.

విక్టర్ చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ఆమే మళ్లీ అడిగింది. "మిగతావోళ్లవి కూడా సరిసేసినావా?"

"సేసేను."

"మంచి పని సేసినావు" అని తల వంచుకుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. రాళ్లు కనబడక వేలికొసలతో తడుముతోంది. విక్టరూ చేట అంచు పట్టుకుని ఏరసాగాడు.

విశాఖలో మందులు మార్చారు. రైళ్లు, బస్సులు, వార్డులు. ఆ తిరుగుడులో కళ్లజోడు సంగతి ఇద్దరూ మరిచిపోయారు. మామిడి పిందెలు రాలే రోజుల్లో ఒక మధ్యాహ్నం, అతని భుజానికి ఆనుకుని మజ్జిగ తాగుతూ తాగుతూ, స్వర్ణ ఇంక తాగలేదు.

సమాధి దగ్గర ప్రార్థన అయిన మర్నాడు కళ్లద్దాల కొట్టతను తనే ఇంటికొచ్చాడు. పెట్టె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. విక్టర్ మూత తీసి, కళ్లజోడు కాళ్లు విప్పి, కిటికీ దిమ్మ మీద పెట్టాడు. కుడి అద్దం మీద నంబరు రాసిన చిన్న కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది.